తూగుబల్లపై తొలి అడుగు
(శునక శిక్షణలో ఆత్మవిశ్వాసం: ఒక పరిశీలన)

శునకాన్ని స్వర్ణసింహాసనం ఎక్కించినా దాని పాతబుద్ధి మారదని చెప్పే సుమతీ శతక పద్యం మన విద్యార్థులకు చిన్ననాటి నుండి కంఠస్థమే. కవి ఉద్దేశించినది మనుషులను. నింద పడినది మాత్రం కుక్కపైన. దాని తోక వంకర కూడా మన సామెతలలో స్థిరపడిపోయినది. తొమ్మిదవ శతాబ్దపు అరబ్బీ రచయిత అల్ జాహిజ్ తన ‘కితాబ్ అల్ హయవాన్’ గ్రంథంలో కుక్క గుణదోషాలపై సుదీర్ఘమైన వాదోపవాదాలు నడిపినాడు. ఆ చర్చను అరబ్బీ, ఉర్దూ శాఖల మిత్రులకు విడిచి, ఈ వ్యాసంలో మేము ఒక చిన్న ప్రశ్నను మాత్రమే తీసుకొంటున్నాము. భయపడే కుక్క ధైర్యవంతం ఎట్లా అవుతుంది? అది మనిషితో కలిసి ఇష్టపూర్వకంగా పని చేయడానికి ఏమి కావాలి? ‘ఎజిలిటీ’ అనే క్రీడ ఈ ప్రశ్నకు చక్కని ప్రయోగశాల.

ఈ క్రీడ వయస్సు ఎక్కువ కాదు. 1978లో లండన్‌లోని ఒలింపియా భవనంలో జరిగిన క్రఫ్ట్స్ శునక ప్రదర్శనలో రెండు ప్రధాన కార్యక్రమాల నడుమ ఖాళీ సమయం మిగిలింది. ప్రేక్షకులకు విసుగు కలుగకుండా ఏదైనా వినోదం ఏర్పాటు చేయవలసిన బాధ్యత జాన్ వార్లీ అనే నిర్వాహకునిపై పడింది. గుర్రాలతో కంచెలు దూకించే పోటీలను దృష్టిలో ఉంచుకొని, పీటర్ మీన్‌వెల్ అనే శిక్షకుని సహాయంతో ఆయన కుక్కలకు అటువంటి పందెం రూపొందించినాడు. ప్రేక్షకులు ముగ్ధులైనారు. 1980లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దీనిని క్రీడగా గుర్తించింది; 1996 నుండి అంతర్జాతీయ శునక సమాఖ్య ప్రపంచ పోటీలు నిర్వహిస్తున్నది. విరామ సమయాన్ని నింపడానికి పుట్టిన ఆట ప్రపంచమంతా పాకడం విచిత్రమే.

పోలీసు జాగిలాలు కంచెలు దూకడం మన విద్యార్థులు కవాతు మైదానాలలో చూచి ఉంటారు. ఎజిలిటీలో అటువంటి కంచెలతో పాటు గుడ్డ సొరంగం, ఇంటి కప్పువలె రెండు వైపులా వాలిన ఎత్తైన పలకలు, గాలిలో కట్టిన ఇరుకు వంతెన, వరుసగా పాతిన 12 కర్రలు, తూగుబల్ల మొదలైనవి ఉంటాయి. ఏ అడ్డంకి తరువాత ఏది అనే క్రమాన్ని న్యాయనిర్ణేత ప్రతి పోటీకి కొత్తగా నిర్ణయిస్తాడు. శిక్షకుడు పక్కనే పరుగెత్తుతూ మాటతో, చేతి సైగతో, శరీర భంగిమతో దారి చూపవచ్చును, కుక్కను తాకరాదు. గొలుసు ఉండదు. కుక్క ఒక అడ్డంకి ముందు ఆగినా, పక్కకు తప్పుకొన్నా దానిని ‘నిరాకరణ’ అంటారు. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఒక్కొక్క నిరాకరణకు 5 తప్పులు. మూడవ నిరాకరణతో పోటీ నుండి తొలగింపు.

మా చర్చ అంతా ఈ నిరాకరణ చుట్టూనే తిరుగుతుంది. పోటీలో అది తప్పు, సందేహం లేదు. శిక్షణలో మాత్రం అది కుక్క ఇచ్చిన సమాధానం. ‘నాకు ఇది ఇంకా తెలియదు’ అనో, ‘నాకు భయంగా ఉన్నది’ అనో అది చెప్పుతున్నది. పోటీ మైదానపు లెక్కలను శిక్షణ మైదానంలోకి తెచ్చుకొన్న శిక్షకుడు ఈ సమాధానాన్ని మొండితనమని చదువుకొంటాడు. అక్కడి నుండి గొలుసు లాగుడు, కసురు, బలవంతం మొదలవుతాయి. తరగతిలో ప్రశ్న వేయగానే తల దించుకొనే విద్యార్థిని బుద్ధిహీనుడని రాసివేసే ఉపాధ్యాయుడు మనకు అపరిచితుడు కాడు.

బలవంతం ఎక్కడ దెబ్బ తీస్తుందో తెలిపే ప్రయోగం ఒకటి మనస్తత్వశాస్త్ర చరిత్రలో ఉన్నది. అది క్రూరమైన ప్రయోగం. నేడు దానిని ఎవరూ సమర్థించరు. 1967లో అమెరికాలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే పరిశోధకులు కొన్ని కుక్కలకు విద్యుదాఘాతాలు ఇచ్చినారు. వాటిలో కొన్నింటికి తలతో ఒక పలకను నొక్కి ఆఘాతాన్ని ఆపే వీలు ఉన్నది. మరికొన్నింటికి అవే ఆఘాతాలు, అంతే సేపు; కాని ఆపే వీలు లేదు. తరువాత అన్నింటినీ నడుమ తక్కువ ఎత్తు అడ్డుగోడ ఉన్న పెట్టెలో ఉంచినారు. గోడ దూకితే చాలు, బాధ తప్పుతుంది. మొదటి జట్టు కుక్కలు త్వరలోనే దూకడం నేర్చుకొన్నవి. రెండవ జట్టులో అధిక భాగం దూకే ప్రయత్నమైనా చేయక పడుకొని బాధను సహించినవి. గోడ ఎత్తు ఒకటే, కాళ్ళ బలమూ ఒకటే. కుక్కకూ గోడకూ నడుమ నిలిచినది దాని గతానుభవం.

దాదాపు అర్ధశతాబ్దం తరువాత, 2016లో, ఆ పరిశోధకులే తమ సిద్ధాంతాన్ని సవరించుకొన్నారు. నిస్సహాయత నేర్చుకొన్నది కాదు. దీర్ఘమైన బాధకు లోనైన ప్రాణి సహజంగానే అట్లా చతికిలబడుతుంది. నేర్చుకోవలసినది దానికి వ్యతిరేకమైనది: నా చేత వల్ల నా పరిస్థితి మారుతుందనే ఎరుక. శిక్షకునికి ఈ సవరణ మూలసిద్ధాంతం కన్న విలువైనదని మా అభిప్రాయం. భయపడే కుక్కలో నుండి భయాన్ని పెరికివేయడం ఎవరి తరమూ కాదు. దాని చేతికి, కాదు, దాని పంజాకు, కొంత అధికారం అప్పగించడం సాధ్యమే.

తూగుబల్ల ఈ విషయాన్ని అన్నిటికన్న స్పష్టంగా చూపుతుంది. పిల్లల పార్కులలో ఉండే సీసా వంటిదే ఇది. సుమారు 12 అడుగుల పొడవు, అడుగు వెడల్పు గల పలక, నడుమ ఇరుసు. కుక్క ఒక కొస నుండి ఎక్కి ఇరుసు దాటగానే కాళ్ళ కింద నేల కదులుతుంది. పలక రెండవ కొస దభాలున నేలను తాకుతుంది. అంతవరకు కుక్క దిగరాదు; దిగేటప్పుడు కొసన రంగు వేసిన భాగంపై ఒక పంజా అయినా ఆనించాలి. తేలికపాటి కుక్కకు కష్టం మరింత ఎక్కువ. దాని బరువుకు పలక వెంటనే ఒరగదు కనుక అది గాలిలోనే ఇంకా ముందుకు పోవలసి ఉంటుంది.

చాలామంది చేసే పని ఏమంటే, బిస్కట్టును కుక్క ముక్కు దగ్గర ఉంచి పలక పైకి నడిపించడం. కుక్క బిస్కట్టును చూస్తూ వస్తుందే గాని కాళ్ళు ఎక్కడ ఉన్నవో గమనించదు. సగం దూరం వచ్చిన తరువాత పలక ఒరుగుతుంది. అది బెదరి పక్కకు దూకుతుంది. మరునాడు పలక దరికి రాదు. అంతటితో ఆగితే మేలే. బిస్కట్టు పట్టుకొన్న చేయి ముందుకు వచ్చినా వెనుకకు జరగడం మొదలుపెడుతుంది. ఆహారమే మోసానికి గుర్తుగా మారినది.

దీనికి బదులు, తొలి రోజులలో తూగుబల్లను అసలు వాడకుండానే తూగుబల్లను నేర్పవచ్చును. పాత తలుపు చెక్క ఒకటి నేలపై పరచి, కింద మడచిన గోనెపట్టా ఉంచితే అది కొద్దిగా కదులుతుంది. శిక్షకుడు ఏమీ అనడు, పిలువడు. కుక్క చెక్క వైపు చూస్తే ‘శభాష్’ అని ఒక ముక్క ఆహారం. మూతి ఆనిస్తే మరొకటి. పంజా పెడితే ఇంకొకటి. ఆ ముక్కను చెక్క మీద కాక, చెక్కకు దూరంగా విసరడం ఇందులోని రహస్యం. కుక్క దానిని తినడానికి వెళ్ళిపోతుంది. మళ్ళీ రావాలా, వద్దా అనేది దాని ఇష్టం. తిరిగి వచ్చిన ప్రతిసారీ అది తన నిర్ణయంతో వచ్చినది. పదిమార్లు స్వయంగా తిరిగి వచ్చిన కుక్కకూ, పదిమార్లు లాగబడిన కుక్కకూ గల తేడా వాటి తోకలలోనే కనిపిస్తుంది.

తరువాత చప్పుడు. తూగుబల్ల కొసను నేలకు అంగుళం ఎత్తులో నిలిపి, కింద మందమైన పట్టా పరచాలి. కుక్క పంజాతో నొక్కితే మెత్తని చప్పుడు, వెంటనే ఆహారం. ఇతరులు చేసిన చప్పుడుకు బెదిరే కుక్క, తాను చేసిన చప్పుడును కొద్ది రోజులలోనే ఆటగా భావిస్తుంది. పట్టా పలుచనై, కొస ఇటుక ఎత్తుకు, తరువాత రెండు ఇటుకల ఎత్తుకు లేస్తుంది. ఒక్కొక్క పాఠం రెండు మూడు నిమిషాలు మించరాదు. కుక్కకు ఇంకా ఆడాలని ఉండగానే ఆపాలి.

ఎత్తును ఎంత వేగంగా పెంచాలి? ఇక్కడ పావ్లోవ్ ప్రయోగశాలలోని కుక్క గుర్తుకు వస్తుంది. వృత్తం చూపితే ఆహారం వస్తుందని, దీర్ఘవృత్తం చూపితే రాదని అది చక్కగా నేర్చుకొన్నది. దీర్ఘవృత్తాన్ని క్రమంగా గుండ్రం చేస్తూ పోయి, దాని అక్షాల నిష్పత్తి 9:8కు చేరగానే కుక్క విచక్షణ చెదరినది. శాంతంగా ఉండే ఆ జంతువు అరవడం, పెనుగులాడడం ప్రారంభించినది. అంతకు ముందు సులభంగా గుర్తించిన ఆకారాలను కూడా గుర్తించలేకపోయినది. ఇక్కడ కొట్టినవారు లేరు, తిట్టినవారు లేరు. పాఠం శక్తికి మించినది, అంతే. కనుక రెండుమార్లు వరుసగా తడబడిన కుక్కకు మూడవ ప్రయత్నం కూడా అదే ఎత్తున ఇవ్వరాదు, కిందికి దించాలి. దించడాన్ని పరాభవంగా భావించేది యజమాని గాని కుక్క కాదు.

ధైర్యం వచ్చినంత మాత్రాన నిమగ్నత వచ్చినట్లు కాదు. వాసనలు చూస్తూ మైదానమంతా ధైర్యంగా తిరిగే కుక్కలు ఎన్ని లేవు! కొత్త చోటికి వెళ్ళినప్పుడు వెంటనే ఆజ్ఞలు ఇవ్వక, కుక్కను పరిసరాలు చూడనిచ్చి వేచి ఉండాలి. అది తనంత తాను శిక్షకుని వైపు తిరిగి చూచిన క్షణాన ఆట మొదలుకావాలి. గుడ్డపేలిక లాగులాట అయినా సరే, కలిసి పరుగు అయినా సరే. కుక్క అడుగుతుంది, మనిషి బదులిస్తాడు. ఆ క్రమం తలకిందులైతే మనిషి బతిమాలేవాడుగా మిగిలిపోతాడు.

అంతర్జాతీయ పోటీ రింగులోకి ఆహారం, ఆటవస్తువు తీసుకుపోరాదు. కనుక గిన్నెను దూరంగా ఉంచి, పని ముగిసిన తరువాత ఇద్దరూ కలిసి దాని దగ్గరకు పరుగెత్తే అలవాటు నెలల ముందే చేయాలి. ఎముకలు ముదరనిదే ఎత్తులు దూకించరాదు. అంతర్జాతీయ పోటీలకు కనీస వయస్సు 18 నెలలు. పోటీనాడు కుక్క మాటిమాటికీ పెదవులు నాకినా, నిద్ర లేకుండానే ఆవులించినా, నేల వాసన చూస్తూ ఉండిపోయినా అది నిర్లక్ష్యం కాక ఆందోళన కావచ్చును. పిచ్చిగా చుట్లు కొట్టి ప్రేక్షకులను నవ్వించే కుక్క కూడా తరచు సంతోషంతో కాక కలవరంతోనే అట్లా చేస్తుంది.

పందెం ప్రారంభానికి ముందు శిక్షకులను కుక్కలు లేకుండా మైదానంలో నడిచి దారి చూచుకోనిస్తారు. ఆ కొద్ది నిమిషాలలోనే మరొక నిర్ణయం కూడా చేసుకోవాలి: తూగుబల్ల దగ్గర కుక్క ఆగిపోతే ఏమి చేయాలి? గడియారం నడుస్తుండగా, జనం చూస్తుండగా ఆలోచించే వ్యవధి ఉండదు. మళ్ళీ మళ్ళీ పురమాయిస్తే పతకానికి అవకాశం మిగలవచ్చును. పురమాయించక, తేలికైన కంచె ఒకటి దూకించి, రింగు బయట ఉన్న గిన్నె దగ్గరకు కుక్కతో కలిసి పరుగెత్తితే ఆనాటి ఫలితం పోతుంది. మరునాడు ఉదయం పలక కింద మళ్ళీ పట్టా పరచి, అంగుళం ఎత్తు నుండి పాఠం మొదలుపెట్టవచ్చును.