రన్నింగ్‌కి, రోజువారీ వాడకానికి విండ్‌చీటర్ కొంటున్నారా? ముందు స్పెక్ షీట్ చదవడం నేర్చుకుందాం

ఫోన్ కొనేముందు ప్రాసెసర్, బ్యాటరీ, ఐపీ రేటింగ్ అన్నీ గుచ్చిగుచ్చి చూస్తాం. అదే జాకెట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలర్ నచ్చితే చాలు, కార్ట్‌లో వేసేస్తాం. నేనూ అలాగే వేశాను, దెబ్బ తిన్నాను.

రెండేళ్ల క్రితం డిసెంబర్‌లో ఆన్‌లైన్‌లో 799 రూపాయలకి ఒక జాకెట్ కొన్నాను. లిస్టింగ్‌లో ‘100 శాతం వాటర్‌ప్రూఫ్, విండ్‌ప్రూఫ్’ అని రాసుంది. మర్నాడు పొద్దున్నే 5:30కి గచ్చిబౌలిలో 8 కిలోమీటర్లు పరుగెత్తాను. మూడో కిలోమీటర్‌కే లోపల టీషర్ట్ ఒంటికి అతుక్కుపోయింది. పరుగు ఆపి టీ బండి దగ్గర నిలబడ్డాక పది నిమిషాల్లో వణుకు మొదలైంది. జేబులో ఉన్న ఫోన్ స్క్రీన్ నిండా తేమ, టచ్ దానంతట అదే పనిచేస్తోంది. రూమ్‌కి వెళ్లగానే రూమ్మేట్ అడిగాడు: “ఏంట్రా, వానలో తడిశావా?” “లేదు మామా, జాకెట్‌లో తడిశాను.”

జాకెట్ చెప్పినట్టే బయట గాలినీ, నీటినీ ఆపింది. కాకపోతే లోపలి చెమటని కూడా అలాగే ఆపింది. ఇవాళ్టి పాఠం అంతా ఈ ఒక్క పాయింట్ చుట్టూనే తిరుగుతుంది.

ముందు థర్మల్స్ లెక్క

గేమ్ ఆడితే ఫోన్ వేడెక్కినట్టే పరుగెత్తితే మన ఒళ్లూ వేడెక్కుతుంది. ఒక కిలోమీటర్ పరుగెత్తితే ప్రతి కిలో బరువుకీ సుమారు 1 కిలో కేలరీ ఖర్చవుతుంది. అంటే 60 కిలోల మనిషి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్తే గంటకు 600 కిలో కేలరీలు. ఇందులో దాదాపు మూడొంతులు, అంటే నాలుగింట మూడు వంతులు, వేడిగానే పోతుంది. వాట్లలోకి మారిస్తే సుమారు 520 వాట్లు. 67 వాట్ల ఫాస్ట్ ఛార్జర్లు ఎనిమిది ఒకేసారి నడుస్తున్నంత పవర్ అన్నమాట.

ఈ వేడి మొత్తం చెమట ఆవిరి కావడం ద్వారానే పోవాలంటే గంటకు ముప్పావు లీటర్ పైచిలుకు నీరు ఆవిరవ్వాలి. నిజానికి కొంత వేడిని గాలి నేరుగా తీసుకుపోతుంది, తల, కాళ్ల నుంచీ కొంత పోతుంది. అయినా అంకె ఏ రేంజ్‌లో ఉందో అర్థమైంది కదా.

ఇప్పుడు జాకెట్ వైపు చూద్దాం. స్పెక్స్‌లో ‘బ్రీతబిలిటీ 5,000’ అని ఉంటే, ఒక చదరపు మీటర్ బట్ట నుంచి 24 గంటల్లో 5,000 గ్రాముల ఆవిరి బయటికి పోతుందని అర్థం. జాకెట్‌లో సుమారు ఒక చదరపు మీటర్ బట్ట ఉందనుకుంటే గంటకు 200 గ్రాములే. 10,000 రేటింగ్ ఉన్నా గంటకు సుమారు 415 గ్రాములే. అదీ ల్యాబ్‌లో కొలిచిన అంకె. కాబట్టి ఎంత ఖరీదైన బట్టయినా ఒంటరిగా ఈ పని చేయలేదు. చంకల కింద రంధ్రాలు, వీపు మీద వెంట్, ఛాతీ దాకా తెరుచుకునే జిప్ ఉండాలి. ఫోన్‌లో వేపర్ ఛాంబర్ ఎలాగో జాకెట్‌లో ఇవి అలాగ.

ఒక జాగ్రత్త: ఈ రేటింగ్‌ని కొలిచే పద్ధతులు చాలా ఉన్నాయి. రెండు బ్రాండ్ల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చేముందు టెస్ట్ పద్ధతి ఒకటేనా అని చూడండి.

‘వాటర్‌ప్రూఫ్’ అనే మాట

విండ్‌చీటర్‌ని (కొన్ని సైట్లలో విండ్‌బ్రేకర్ అంటారు) రెయిన్‌కోట్ అనుకోవద్దు. మన భాషలో చెప్పాలంటే మంచి రన్నింగ్ విండ్‌చీటర్ అనేది ఐపీఎక్స్4 ఇయర్‌బడ్స్ లాంటిది. తుంపర్లు తట్టుకుంటుంది, కుంభవృష్టి కాదు. రెయిన్ జాకెట్లకి 10,000 మిల్లీమీటర్ల వాటర్ కాలమ్ లాంటి రేటింగ్ ఇస్తారు. అందులో లోపల ఒక పొర ఉంటుంది, కుట్ల మీద టేప్ ఉంటుంది. అందుకే బరువు ఎక్కువ, ఉక్క ఎక్కువ.

విండ్‌చీటర్‌కి మాత్రం బట్ట పైన నీటిని జారవిడిచే డీడబ్ల్యూఆర్ అనే కోటింగ్ ఉంటే చాలు. పాత కోటింగ్‌లలో పీఎఫ్‌ఏఎస్ అనే రసాయనాలు వాడేవారు. అవి ప్రకృతిలో అంత త్వరగా విచ్ఛిన్నం కావు. అమెరికాలోని కాలిఫోర్నియా 2025 జనవరి 1 నుంచి వాటిని కావాలని కలిపిన బట్టల అమ్మకాన్ని ఆపేసింది. లేబుల్ మీద ‘పీఎఫ్‌ఏఎస్ ఫ్రీ’ అని ఉంటే మంచిదే. కానీ ఈ కొత్త కోటింగ్‌లు నూనె, జిడ్డుని అంతగా తట్టుకోవు. మెడ దగ్గర జిడ్డు పట్టకుండా ఉతుకుతూ ఉండాలి.

బట్ట స్పెక్స్

డెనియర్: 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అంత డెనియర్. 20 డెనియర్ అంటే 9 కిలోమీటర్ల దారం 20 గ్రాములే! అంకె తగ్గేకొద్దీ తేలిక, అలాగే ముళ్ల కంపకి చిరిగే రిస్క్ కూడా ఎక్కువ. రన్నింగ్‌కి 20 చుట్టుపక్కల, రోజూ బ్యాగ్ తగిలించుకుని తిరగడానికి 40 ఆ పైన చూడండి.

రిప్‌స్టాప్: బట్టని దగ్గర్నుంచి చూస్తే చిన్న చిన్న గడులు కనిపిస్తాయి. అక్కడ మందపాటి దారం ఉంటుంది. చిన్న చిరుగు పడితే ఆ గడి దగ్గరే ఆగుతుంది.

నైలాన్ లేదా పాలిస్టర్: అదే బరువుకి నైలాన్ రాపిడిని బాగా తట్టుకుంటుంది. పాలిస్టర్ ఎండని బాగా తట్టుకుంటుంది, తేమ తక్కువ పీలుస్తుంది, ధర కూడా సాధారణంగా తక్కువే.

బరువు: రన్నింగ్‌కి 100 నుంచి 150 గ్రాములు. అంటే మీ ఫోన్ కంటే తేలిక. దాని జేబులోకే మడిచి నడుముకి కట్టేయొచ్చు. ఆఫీస్, కాలేజ్ వాడకానికి 200 నుంచి 300 గ్రాములు ఓకే. అందులో లోపల మెష్ లైనింగ్, మంచి జేబులు వస్తాయి.

షాప్‌లో చేసే నాలుగు టెస్టులు

1. ఊది చూడండి. బట్టని నోటికి ఆనించి గట్టిగా ఊదండి. గాలి అసలే పోకపోతే అది రెయిన్‌కోట్ జాతి. కొద్దిగా, కష్టంగా పోతే రన్నింగ్‌కి సరిపోతుంది. సులువుగా పోతే చలిగాలికి పనికిరాదు.

2. ఫ్లాష్ టెస్ట్. ఫోన్ ఫ్లాష్ ఆన్ చేసి ఫొటో తీయండి. రిఫ్లెక్టివ్ గీతలు నిజమైనవైతే ఫొటోలో తెల్లగా మెరుస్తాయి. ఉత్త బూడిద రంగు ప్రింట్ అయితే మెరవవు.

3. చేతులు ఎత్తండి. నడుం దగ్గర జాకెట్ మరీ పైకి వస్తే సైజ్ లేదా కట్ తప్పు. హుడ్ వేసుకుని తల పక్కకి తిప్పండి. హుడ్ కూడా తిరగాలి. లేకపోతే రోడ్డు దాటేటప్పుడు పక్క నుంచి వచ్చే బండి కనిపించదు.

4. ఫోన్ జేబులో పెట్టి గెంతండి. కింది జేబులో 200 గ్రాముల ఫోన్ ప్రతి అడుగుకీ తొడని కొడుతుంది. ఛాతీ మీద జిప్ జేబు బెటర్. చెమట పట్టే రోజుల్లో ఫోన్‌ని చిన్న జిప్ కవర్‌లో పెట్టడం ఇంకా బెటర్.

కలర్ గురించి ఒక మాట. నల్లరంగు స్టైల్‌గానే ఉంటుంది, కానీ తెల్లవారుజామున డ్రైవర్‌కి మీరు కనిపించరు. ఫ్లోరసెంట్ రంగు పగటి వెలుతురులో పనిచేస్తుంది, చీకట్లో దాని మహిమ ఉండదు. రిఫ్లెక్టివ్ టేప్ హెడ్‌లైట్ పడితేనే పనిచేస్తుంది. అందుకే రెండూ ఉన్నదే తీసుకోండి.

ఎప్పుడు వేసుకోకూడదు?

ఇది సీరియస్‌గా చదవండి. ‘జాకెట్ వేసుకుని పరుగెత్తితే కొవ్వు కరుగుతుంది’ అని ఏప్రిల్ ఎండలో కూడా జిప్ మెడదాకా లాక్కుని పరుగెత్తేవాళ్లని చూస్తున్నాను. తగ్గేది నీటి బరువు. రెండు బాటిళ్లు తాగగానే అది తిరిగి వచ్చేస్తుంది. కానీ వేడి బయటికి పోయే దారి మూసేస్తే వడదెబ్బ తగులుతుంది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు బరువు తగ్గడం కోసం ఇలా చెమట పట్టించుకుంటూ చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ రెజ్లింగ్‌లో రబ్బరు సూట్లని నిషేధించారు. ఫోన్ వేడెక్కితే తనంతట తాను స్పీడ్ తగ్గించుకుంటుంది. మనం మాత్రం మొండిగా పరుగెత్తుతూనే ఉంటాం.

నేను పాటించే రూల్: బయటి ఉష్ణోగ్రతకి 8 నుంచి 10 డిగ్రీలు కలిపి, ఆ వాతావరణానికి తగ్గ బట్టలు వేసుకోవడం. మొదటి కిలోమీటర్ కాస్త చలిగా అనిపించాలి. అప్పుడే సరిగ్గా వేసుకున్నట్టు. హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో మొదటి 10 నిమిషాలు విండ్‌చీటర్, తర్వాత నడుముకి. పరుగు ఆపగానే మళ్లీ ఒంటికి. అసలు చలి తగిలేది తడి ఒంటితో ఆగినప్పుడే. వైజాగ్ బీచ్ రోడ్డులో గాలి ఉన్నా ఉక్క కూడా ఉంటుంది కాబట్టి అక్కడ వెంట్లు ఎక్కువున్నదే తీసుకోండి.

మెయింటెనెన్స్

చల్లని నీటిలో, కొంచెం లిక్విడ్ డిటర్జెంట్‌తో, జిప్ వేసి ఉతకండి. ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దే వద్దు. దాని పూత వల్ల నీరు జారడం తగ్గిపోతుంది. చుక్కలు జారకుండా ఇంకిపోతుంటే ముందు శుభ్రంగా ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే పల్చటి గుడ్డ అడ్డం పెట్టి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయండి. చాలాసార్లు కోటింగ్ తిరిగి పనిచేస్తుంది.

ఫైనల్ వెర్డిక్ట్

ఒక్కటే కొనాలంటే: 20 నుంచి 40 డెనియర్ రిప్‌స్టాప్, 150 నుంచి 200 గ్రాముల బరువు, వీపు మీద వెంట్, ఫుల్ జిప్, ఛాతీ జేబు, నిజమైన రిఫ్లెక్టివ్ గీతలు. ‘వాటర్‌ప్రూఫ్’ అన్న పదానికి అదనంగా ఒక్క రూపాయి కూడా పెట్టకండి. నా 799 జాకెట్ ఇప్పుడు వానొస్తే బైక్ సీట్ మీద కప్పడానికి వాడుతున్నాను. ఆ పనికి మాత్రం ఫుల్ మార్కులు.