తాతగారి పెట్టెలో రివాల్వరు: పేరు లేదు, నంబరు లేదు

ప్రశ్న: మాది కోనసీమలో పాత మండువా ఇల్లు. మొన్న పైకప్పు పెంకులు మార్పిస్తుంటే అటక మీద తాతగారి ట్రంకు పెట్టె బయటపడింది. అందులో దస్తావేజుల అడుగున అరచేతిలో ఇమిడేంత చిన్న రివాల్వరు, నాలుగైదు తూటాలు ఉన్నాయి. రివాల్వరు తుప్పు పట్టింది. దాని మీద కంపెనీ పేరు గాని, నంబరు గాని లేదు. తాతగారు 1971లో పోయారు. ఆయనకు లైసెన్సు ఉండేదో లేదో నాన్నగారికి తెలియదు. ‘వందేళ్ల నాటి సామానుకి లైసెన్సేమిటి?’ అంటున్నాడు మా బావ. అమెరికాలో ఉన్న తమ్ముడు సంక్రాంతికి వచ్చినప్పుడు గుర్తుగా పట్టుకెళ్తానంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ముందు ఆ పెట్టె మూసి తాళం వేయండి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. మీ బావగారి మాట, తమ్ముడి మాట రెండూ పక్కన పెట్టండి.

మీ బావగారు పూర్తిగా లేనిది చెప్పలేదు. 1959 నాటి ఆయుధాల చట్టంలో 45(సి) అనే మినహాయింపు ఉంది. కాలం చెల్లిన నమూనా ఆయుధాలకు, పురాతన విలువ ఉన్నవాటికి, పాడైపోయినవాటికి ఈ చట్టం వర్తించదని అది చెబుతుంది. చాలామంది అక్కడితో చదవడం ఆపేస్తారు. మరమ్మతు చేసినా చేయకపోయినా అది తుపాకీగా పనికిరానిదై ఉండాలన్న షరతు ఆ వాక్యం చివరనే ఉంది. ఒక స్ప్రింగు మారిస్తే పేలే రివాల్వరు నూట యాభై ఏళ్లదైనా చట్టం దృష్టిలో తుపాకీయే. తుప్పును చూసి మీరే తీర్పు చెప్పేయకండి. బాలిస్టిక్స్ (తుపాకులు, తూటాల) నిపుణుడు పరీక్షించి రాసిచ్చిన కాగితమే అందుకు ఆధారం.

2020 ఫిబ్రవరి 12న కేంద్ర హోం శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. క్యూరియో (అపురూపమైన పాత వస్తువు) కోవలోకి వచ్చే కొన్ని చిన్న ఆయుధాలను భారత పౌరులు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చని అందులో ఉంది. ఎవరైనా దాన్ని వాట్సాప్‌లో పంపితే సంబరపడిపోకండి. అలాంటివాటిని వాడాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా, రవాణా చేయాలన్నా లైసెన్సు కావాలి. మీ రివాల్వరు ఆ కోవలోకి వస్తుందో రాదో లైసెన్సింగ్ అధికారి రాతపూర్వకంగా చెప్పాలి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది వయసు సంగతి కాదు, గుర్తులు లేకపోవడం. చట్టంలోని 8వ సెక్షన్ దీని గురించే. తయారీదారు పేరు, నంబరు, గుర్తు లేని తుపాకీ ఎవరి దగ్గర దొరికితే, ఆ గుర్తులను చెరిపేసింది ఆ మనిషేనని చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసిన భారం అతని మీదే ఉంటుంది. మామూలు నేరాల్లో రుజువు చేయాల్సింది ప్రభుత్వమైతే, ఇక్కడ ఆ బరువు మీ నెత్తిన పడుతుంది. చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చినప్పుడు, అప్పటికే గుర్తుల్లేని తుపాకులు ఉన్నవాళ్ల విషయంలో ఏడాది పాటు ఈ నిబంధన వర్తించదన్నారు. మీ తాతగారికి ఆ ఏడాది దొరికింది. మీకు దొరకదు. పైగా గుర్తులు లేని తుపాకీని అమ్మడం, ఇంకొకరికి ఇవ్వడం కూడా అదే సెక్షన్ కింద నిషేధం.

ఈ అనుమానం నుంచి బయటపడటానికే తుపాకీ పుట్టుపూర్వోత్తరాలు పనికొస్తాయి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెల్జియంలోని లీజ్ నగరం చౌక జేబు రివాల్వర్లకు పెట్టింది పేరు. ఇళ్లలో కూర్చుని పనిచేసే కార్మికులు విడిభాగాలు తయారుచేస్తే, వాటిని కూర్చి ఎవరి పేరూ లేకుండానే దేశదేశాలకు ఎగుమతి చేసేవాళ్లు. అవి పేరు లేకుండానే పుట్టాయి, ఎవరూ చెరిపింది కాదు. అయినా అక్కడి పరీక్షా కేంద్రం వేసే చిన్న ముద్ర మాత్రం వాటి మీద ఉండేది: కోడిగుడ్డు ఆకారపు గీతలో ఇ.ఎల్.జి. అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు. 1893 నుంచి దాని మీద కిరీటం బొమ్మ కూడా చేరింది. లండన్, బర్మింగ్‌హామ్ కేంద్రాలకూ వాటి ముద్రలు వాటికున్నాయి. ఇవి సాధారణంగా తూటాలు పెట్టే సిలిండరు మీదో, గొట్టం అడుగునో, పిడి చెక్కల కిందో ఉంటాయి. తుప్పులో కంటికి ఆనవు.

ఆకారాన్ని బట్టి కూడా కొంత పోల్చవచ్చు. సిలిండరు అంచున ప్రతి అరకూ చిన్న గాడి ఉంటే అది పిన్‌ఫైర్ రకం. తూటా పక్కనుంచి పొడుచుకు వచ్చే సన్నటి పిన్ను ఆ గాడిలో కూర్చునేది. పొట్టి గొట్టం, లావాటి సిలిండరు అయితే వెబ్లీ కంపెనీ 1872లో తెచ్చిన బుల్‌డాగ్, లేదా దాన్ని చూసి చేసిన వందల నకళ్లలో ఒకటి. ట్రిగ్గరు ముందుకు మడిచిపెట్టుకునేలా ఉండి, గార్డు లేకపోతే అది వెలో-డాగ్ కావచ్చు. ఫ్రాన్సులో గాలాం అనే తయారీదారు 1894 ప్రాంతంలో సైకిలు తొక్కేవాళ్ల కోసం, వెంటపడే కుక్కల్ని బెదరగొట్టడానికని దీన్ని తెచ్చాడు. మన ఊళ్లలో రాత్రిపూట బండి మీద ఇంటికి చేరేవాళ్లకు ఆ అవసరం ఏమిటో చెప్పక్కర్లేదు.

ఇదంతా చదివి స్క్రూడ్రైవరు అందుకోకండి. పిడి విప్పకండి, ఇసుక కాగితంతో రుద్దకండి, కిరోసిన్‌లో నానబెట్టకండి. గుర్తును ఎవరైనా అరగదీశారా, లేక మొదటినుంచీ లేదా అన్నది ఫోరెన్సిక్ ల్యాబులో తేల్చగలరు. అరగదీసిన నంబరును రసాయనాలతో మళ్లీ పైకి తేగలిగిన సందర్భాలూ ఉన్నాయి. మీరు శుభ్రం చేస్తే మీకు అనుకూలమైన సాక్ష్యాన్ని మీరే పాడుచేసుకున్నట్టు. లైసెన్సు లేని మెకానిక్ చేత బాగు చేయించడం అంతకన్నా పెద్ద ముప్పు. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లు. లైసెన్సు లేకుండా మరమ్మతు చేస్తే కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం.

తూటాల సంగతి వేరే. 45(సి) మినహాయింపు ఆయుధం గురించే మాట్లాడుతుంది. రివాల్వరు పనికిరానిదని తేలినా తూటాలకు చట్టం వర్తిస్తుంది. పాతవి కదా అని పొయ్యిలో వేయకండి, కాలవలో పారేయకండి.

ఇప్పుడు చేయాల్సిన పని. రివాల్వరును సంచిలో పెట్టుకుని స్టేషనుకు బయల్దేరకండి. లైసెన్సు లేకుండా వెంట తీసుకెళ్లడం కూడా నేరమే. ఉన్నచోటే ఉంచి, దూరం నుంచి రెండు ఫొటోలు తీసి, రాతపూర్వకమైన అర్జీతో మీరు, కుదిరితే ఒక న్యాయవాది, స్థానిక పోలీసు స్టేషనుకు వెళ్లండి. ఏ రోజు, ఎక్కడ, ఎవరెవరి ఎదుట దొరికిందో, తాతగారి పేరు, ఆయన ఎప్పుడు పోయిందీ అందులో రాయండి. ఇంటికి వచ్చి పంచనామా చేసి స్వాధీనం చేసుకోవాలని, నిపుణుల పరీక్షకు పంపాలని, రసీదు ఇవ్వాలని అడగండి. అర్జీ నకలు మీద స్టేషను ముద్ర, తేదీ వేయించుకోండి. ఇది నాలుగు నెలల తర్వాత కాదు, ఈ వారమే జరగాలి.

ఎందుకింత తొందరంటే, ఆయుధం ‘కలిగి ఉండటం’ అంటే అది తన దగ్గర ఉందన్న ఎరుకతో ఉండటమని 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పెట్టె తెరవనంత కాలం మీకా ఎరుక లేదు. ఇప్పుడుంది. ఆలస్యం చేసిన ప్రతి రోజుకూ మీరు జవాబు చెప్పుకోవాలి.

ఈలోగా కాగితాలు వెతకండి. తాతగారి లైసెన్సు పుస్తకం ఆ దస్తావేజుల్లోనే ఉండొచ్చు. కలెక్టరేటులోనూ, స్టేషనులోనూ పాత రిజిస్టర్లు చూడమని అడగవచ్చు. లైసెన్సు ఉన్నట్టు తేలితే మీ దారి సులువవుతుంది. చట్టబద్ధత పోయిన ఆయుధాన్ని జమ చేసే పద్ధతి 21వ సెక్షన్‌లో ఉంది. వారసుడు తన పేరున లైసెన్సు కోరే వీలు 2016 ఆయుధాల నియమావళిలోని 25వ నియమం ఇస్తుంది, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న పత్రంతో. అయితే మొత్తం రెండు తుపాకులకు మించకూడదు. ఒకప్పుడు సైన్యం వాడిన .380, .455 తూటాలు పట్టే రివాల్వరయితే అది నిషిద్ధ బోరు, జిల్లా స్థాయిలో తేలే పని కాదు.

ఇక మీ తమ్ముడు. అమెరికా ఫెడరల్ చట్టం 1898 గాని అంతకుముందు గాని తయారైన తుపాకులను యాంటిక్‌గా చూస్తుంది. అక్కడి వీడియోలు చూసి ఇక్కడివాళ్లు మోసపోయేది ఆ 1898 దగ్గరే. అమెరికా గీసిన ఆ గీత మన దేశంలో చెల్లదు. వందేళ్లు దాటిన వస్తువైతే 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వ్యక్తులు దేశం దాటించకూడదు. వందేళ్లు దాటకపోతే ఆయుధాల ఎగుమతికి వేరే లైసెన్సు కావాలి. విమానాశ్రయంలో బ్యాగు స్కానరు కింద పెట్టాక ఇవన్నీ వివరించే వ్యవధి ఉండదు.

పరీక్షలో పనికిరానిదని తేలితే ఆ నివేదిక నకలుతో తిరిగి ఇవ్వమని దరఖాస్తు చేయండి. పనిచేసేదని తేలి, ఉంచుకోవాలని లేకపోతే అప్పగించేయండి. మ్యూజియానికి ఇవ్వాలన్న ఆలోచన ఉంటే అదీ అధికారుల ద్వారానే జరగాలి. ఒకవేళ స్టేషనులో మీ మీదే కేసు అంటే బెదిరిపోకండి. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడమనే, ఆయుధాల చట్టం 3వ సెక్షన్ నేరానికి జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి లేకుండా ప్రాసిక్యూషన్ నడవదని అదే చట్టంలోని 39వ సెక్షన్ చెబుతోంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 482వ సెక్షన్ కింద ముందస్తు బెయిలు అడగవచ్చు. ముద్ర వేయించుకున్న ఆ అర్జీ నకలు అప్పుడు మీకు అన్నిటికన్నా అక్కరకొస్తుంది. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. ఫోన్ నంబరు 15100.