ఆటో స్టార్టర్ నేర్పిన పాఠం

వ్యవసాయంలో ఆటోమేషన్ అనగానే మనకి డ్రోన్లు, డ్రైవర్ లేని ట్రాక్టర్లు గుర్తొస్తాయి. కానీ తెలంగాణ పొలాల్లోకి ఎప్పుడో వచ్చేసిన ఆటోమేషన్ ఒకటుంది. అదే బోరు దగ్గర డబ్బాలో ఉండే ఆటో స్టార్టర్.

అప్పట్లో త్రీ ఫేజ్ కరెంటు విడతలుగా, చాలాసార్లు రాత్రిపూట వచ్చేది. మోటారు వేయడానికి రైతు చీకట్లో పొలానికి వెళ్లాలి. పాము భయం, షాక్ భయం రెండూ ఉండేవి. ఆటో స్టార్టర్ పెడితే కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆన్ అవుతుంది.

2018 జనవరి 1 నుంచి అక్కడ వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. అప్పుడు ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసేయమని రైతుల్ని కోరింది. కరెంటు పోకపోతే మోటారు ఆగదు. మడి నిండినా నీళ్లు పారుతూనే ఉంటాయి, భూగర్భజలం అడుగంటుతుంది.

మన సబ్జెక్టులో దీన్ని ఓపెన్ లూప్ అంటారు. ఆ డబ్బాకి కరెంటు ఉందో లేదో తెలుసు, నేల తడిసిందో లేదో తెలీదు. మట్టిలో తేమ సెన్సర్ పెట్టి, ఆ రీడింగ్‌ని బట్టి మోటారు నడిపితే క్లోజ్డ్ లూప్ అవుతుంది.

నా మినీ ప్రాజెక్టు అదే. తేమ 40 శాతం కంటే తగ్గితే ఆన్, లేకపోతే ఆఫ్. కుండీలో పెట్టి చూస్తే రీడింగ్ 39, 41 మధ్య ఊగుతూ రిలే టకటకా కొట్టుకుంది. ఆ వీడియో చూసి మా మామయ్య, "ఇది మా బోరుకి పెడితే పొద్దూకేసరికి మోటరు కాలిపోతది రా" అన్నాడు.

నిజమే. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. మాటిమాటికీ స్టార్ట్ అయితే వైండింగ్ కాలిపోతుంది. మోటారు బోరులోంచి పైకి లాగి బాగు చేయించేలోపు పంట ఎండుతుంది.

దీనికి పరిష్కారం ఒక నంబర్ బదులు రెండు పెట్టడం. 30 కంటే తగ్గితే ఆన్, 50 దాటితే ఆఫ్, మధ్యలో ఉంటే ఏ స్థితిలో ఉందో అలాగే ఉండాలి. దీని పేరు హిస్టెరిసిస్. ఇంట్లో ఫ్రిజ్ పనిచేసేదీ ఇలాగే. బోరులో నీళ్లు అయిపోతే మోటారు ఆపే చెక్ కూడా ఉండాలి.

అయితే ఈ 30, 50 అన్ని నేలలకీ సరిపోవు. నల్లరేగడి తడిని పట్టి ఉంచుతుంది, ఇసుక నేల త్వరగా ఆరిపోతుంది. మామయ్య అయితే గుప్పెడు మట్టి పిసికి చూసి నీళ్లు పెట్టాలో వద్దో చెప్పేస్తాడు. ఈ సెలవుల్లో ఆయన "ఇప్పుడు పెట్టాలి", "ఇక చాలు" అన్నప్పుడల్లా సెన్సర్ రీడింగ్ రాసుకున్నాను. ఇప్పుడు నా కోడ్‌లో ఉన్న రెండు నంబర్లు అవే.