నాట్యంలో డిగ్రీ చేస్తే బతుకుదెరువు ఉంటుందా?

మాది నారాయణఖేడ్. ఇంటర్ బైపీసీ పరీక్షలు రాశాను. ఆరో తరగతి నుంచి కూచిపూడి నేర్చుకున్నాను. నేర్పిన టీచర్ పెళ్లయి ఊరు విడిచి వెళ్లారు. ఇప్పుడు ఫోన్‌లో వీడియోలు చూసి సాధన చేస్తున్నాను. నాట్యంలోనే పై చదువు చదవాలని నా కోరిక. మా నాయన పత్తి, కంది వేస్తాడు. "డాన్స్ చదివితే నౌకరీ ఎవరిస్తరు బిడ్డా, బీఎస్సీ చేసి బీఈడీ చెయ్యి" అంటాడు. అమ్మకు నా మీద నమ్మకమే గానీ ఆయనకు ఎదురు చెప్పదు. రాంకోటి కాలేజీ అని ఒకరు, కళాక్షేత్ర అని ఇంకొకరు, సెంట్రల్ యూనివర్సిటీ అని మరొకరు చెబుతున్నారు. దేంట్లో చేరాలి? చేరితే ఉద్యోగం వస్తుందా?
– ఒక పాఠకురాలు, నారాయణఖేడ్

అమ్మా, మీ నాయన భయం న్యాయమైనదే. నీ కోరికా న్యాయమైనదే. నా మాట సూటిగా చెబుతాను: హైదరాబాద్‌లో మామూలు డిగ్రీలో చేరు, సాయంత్రాలు నాట్యానికి ఇవ్వు, పీజీ మాత్రం నాట్యంలో చెయ్యి.

ఎందుకంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రెండేళ్ల పీజీ కోర్సు ఎంపీఏ డాన్స్‌కి ఏ డిగ్రీ చేసినవారైనా పోటీ పడవచ్చు. కానీ నాట్యంలో గట్టి శిక్షణ ఉండాలి, ప్రవేశానికి ఆడి చూపించాలి. తెలుగు విశ్వవిద్యాలయంలోనూ కూచిపూడి ఎంపీఏ ఉంది. అంటే బీఎస్సీ చేసినందువల్ల నీకు ఈ తలుపులు మూసుకుపోవు. మోకాలికి దెబ్బ తగిలినా, ఇంట్లో ఇబ్బంది వచ్చినా చేతిలో ఇంకో ఆధారం ఉంటుంది. చేరే ఏడాది నోటిఫికేషన్‌లో అర్హతలు మళ్లీ చూసుకో.

హైదరాబాద్ రాంకోటిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల 1952 నాటిది. అక్కడ నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా. ఇవి డిగ్రీతో సమానం కావు, ఈ తేడా ఇంట్లో ముందే చెప్పు. అయినా నీకు ఇప్పుడు కావలసింది అదే, ఎదురుగా నిలబడి తప్పు దిద్దే గురువు. అరమండి లోతు తగ్గిందని, మోకాలు పక్కకు జారిందని ఫోన్ చెప్పదు. అలా పాతుకున్న తప్పును తర్వాత వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం.

కళాక్షేత్ర గొప్పదే. 1936లో రుక్మిణీదేవి అరుండేల్ స్థాపించిన సంస్థ. కానీ నాట్యంలో అక్కడి నాలుగేళ్ల డిప్లొమా భరతనాట్యానికి. నువ్వు కూచిపూడి వదిలి మొదటి అడుగు నుంచి మొదలుపెట్టాలి. మనసు అటు లాగితే తప్ప పేరు చూసి వెళ్లకు.

ఇక ఉద్యోగం. ప్రభుత్వ కొలువులు తక్కువ, వాటికోసమే కూర్చోవద్దు. ఎంపీఏ తర్వాత నెట్ పరీక్ష పాసైతే కాలేజీలో బోధించే అర్హత వస్తుంది. ప్రైవేటు బడుల్లో డాన్స్ టీచర్ల జీతాలు చాలాచోట్ల చిన్నవి, అందుకే ఎక్కువమంది సాయంత్రం సొంత క్లాసులతో నిలదొక్కుకుంటారు. సైన్సు చెప్పి, నాట్యమూ నేర్పగల టీచరును ఏ బడి కాదంటుంది? 18 నుంచి 25 ఏళ్లవారికి కేంద్ర సాంస్కృతిక శాఖ రెండేళ్లపాటు నెలకు 5,000 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తుంది. దాని ప్రకటన కోసం కనిపెట్టుకుని ఉండు.

పల్లె నుంచి వచ్చావని వెనకాడకు. ఆదిలాబాద్ పల్లెల నుంచి వెళ్లిన రాజారెడ్డి, రాధారెడ్డి దంపతులు ఢిల్లీలో నాట్య తరంగిణి పెట్టి కూచిపూడిని దేశదేశాలకు చూపించారు.

ఒక హెచ్చరిక. రంగప్రవేశం పేరుతో హాలు, ఆర్కెస్ట్రా, ఆహార్యం అని లక్షల ఖర్చు చెప్పేవారు ఎదురవుతారు. దానికోసం మీ నాయనతో అప్పు చేయించకు. సీటుకు అది షరతు కాదు.

పత్తి పనులు మొదలుకాకముందే ఒక సాయంత్రం ఆయన్ను రాంకోటికి తీసుకెళ్లు. ఫీజెంత, హాస్టల్ ఎక్కడ, ఇక్కడ చదివినవాళ్లు ఏం చేస్తున్నారు అన్నవి అక్కడి గురువులను ఆయన్నే అడగనివ్వు.