బెల్లానికీ మిరియానికీ కొర్రల గిన్నె

న్యూజెర్సీలో మా ఇంటికి వచ్చిన రెండు జెర్బిల్స్‌కు పేర్లు పెట్టింది మా అమ్మాయి. బంగారు గోధుమరంగుది బెల్లం, నల్లది మిరియం. రెండూ అక్కచెల్లెళ్లు. ఎవరో పెంచలేక వదిలేస్తే, అలాంటి జంతువులను చేరదీసే చోటు నుంచి ఏడాది వయసులో తెచ్చుకున్నాం. చుంచెలుక కంటే పెద్దవి, ఇంటి ఎలుక కంటే చాలా చిన్నవి. తోక నిండా నూగు, చివర చిన్న కుచ్చు. వెనక కాళ్ల మీద నిలబడి, రెండు చేతులతో గింజ పట్టుకుని, పొట్టు ఒలుచుకుని తింటాయి.

మొదటి మూడు నెలలు బజార్లో దొరికిన మిశ్రమమే పోశాను. రంగురంగుల బిళ్లలు, మొక్కజొన్న, వేరుశనగ, పొద్దుతిరుగుడు గింజలు. అది చాలదన్నట్టు పైన నేనూ గుప్పెడు పొద్దుతిరుగుడు వేసేదాన్ని. మన చేతిలోంచి గింజ అందుకుంటుంటే అంత సంతోషంగా ఉండేది. మూడో నెల చివర వంటింటి త్రాసులో తూచాను. వచ్చినరోజు 72 గ్రాములున్న బెల్లం 98 గ్రాములు తూగింది. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ మొదట అడిగింది ఇదే: "మీరు వేసినవి సరే, అవి వదిలేసినవి ఏమిటి?" ఇంటికొచ్చి గాజు తొట్టిలో పరిచిన కాగితపు పొట్టును తవ్వి చూశాం. బిళ్లలన్నీ ఒక మూల కుప్పగా పడున్నాయి. పొద్దుతిరుగుడు గింజ ఒక్కటీ మిగల్లేదు.

ఈ తయారీ అంతా నాకు ఆ ప్రశ్న నేర్పిందే. జెర్బిల్ ఏరుకుని తింటుంది. ముందు నూనె గింజల మీద పడుతుంది, మిగతావాటి సంగతి తర్వాత. పొద్దుతిరుగుడు పప్పులో దాదాపు సగం బరువు నూనే, కాల్షియం మాత్రం చాలా తక్కువ. కొవ్వు ఎక్కువైతే జెర్బిల్ రక్తంలో కొలెస్ట్రాల్ ఇట్టే పెరుగుతుంది. కాబట్టి ఏది ఏరుకున్నా చెడు జరగని గిన్నెను మనమే సిద్ధం చేయాలి.

ఏం వేయాలో తెలియాలంటే ఈ ప్రాణి ఎక్కడిదో తెలియాలి. మనం పెంచే జెర్బిల్ మంగోలియా, ఉత్తర చైనాల పొడి గడ్డి మైదానాలది. 1866లో అర్మాన్ డేవిడ్ అనే ఫ్రెంచి మతగురువు ఉత్తర చైనా నుంచి పారిస్‌కు నమూనాలు పంపాక శాస్త్రవేత్తలకు పరిచయమైంది. 1935లో జపాన్ పరిశోధకుల చేతికి కొన్ని జతలు చిక్కాయి. వాటి సంతతిలోంచి 11 జతలను 1954లో విక్టర్ ష్వెంట్‌కర్ న్యూయార్క్ రాష్ట్రానికి తెప్పించాడు. అమెరికా ఇళ్లలో ఇవాళ ఉన్న జెర్బిల్స్ చాలావరకు ఆ పదకొండు జతల వారసులే. (కాలిఫోర్నియా, హవాయిల్లో ఉన్న మనవాళ్లు వీటిని పెంచకూడదు. తప్పించుకుంటే బయట స్థిరపడి పంటలను, స్థానిక జీవులను దెబ్బతీస్తాయని అక్కడ నిషేధం ఉంది.)

సొంత నేల మీద వాటి తిండి సన్నటి గడ్డి గింజలు, ఆకులు, కాడలు, దొరికితే పురుగు. ఆ గడ్డి గింజల్లో ఒకటి అడవి కొర్ర. మన కొర్రకు అదే మూలం. కొర్రను మనిషి మొదట సాగుకు తెచ్చింది కూడా ఉత్తర చైనాలోనే. ఈ మాట నేను పుస్తకాల్లో చదవకముందే మా అమ్మ చూపించింది. అనంతపురం నుంచి ఆర్నెల్లకు వచ్చినప్పుడు పెట్ షాపులో పిట్టల సరుకు దగ్గర ఆగిపోయింది. అక్కడ పసుప్పచ్చటి కంకులు కట్టలుగా వేలాడుతున్నాయి. "ఇయ్యి కొర్ర కంకులు గదే! ఈడ గూడా పండిస్తారా?" అంది. ఆ రోజే రెండు కట్టలు కొన్నాం.

ఇక తయారీ. నేను కలిపేది కిలో. ఒక్కో జెర్బిల్ రోజుకు సుమారు 10 గ్రాములు తింటుంది కాబట్టి రెండింటికి యాభై రోజులు వస్తుంది. అంతకు మించి కలపను, నిల్వ ఉంటే గింజల్లో నూనె కారు వాసన వస్తుంది. చేతి అంచనాతో మాత్రం కలపకండి. నా మొదటి ప్రయత్నం గుప్పెళ్ల లెక్కతోనే చెడింది. గ్రాములు చూపే త్రాసు తప్పనిసరి.

కిలోలో 550 గ్రాములు ధాన్యం: కొర్రలు 200, వరిగలు 100, ఓట్స్ 80, బార్లీ అటుకులు 60, పిట్టలకు అమ్మే కెనరీ గింజలు 60, బక్‌వీట్ 50. ఎలుకల కోసం విటమిన్లు, ఖనిజాలు కలిపి చేసే బ్లాకులు 200 గ్రాములు. వండి ఎండబెట్టిన మసూర్ పప్పు, పచ్చి బఠాణీ కలిపి 60. ఎండు కూరలు 60. ఎండు ఆకులు, పూలు 50. ఎండబెట్టిన మీల్‌వార్మ్ పురుగులు 40. చివరగా నూనె గింజలు 40 గ్రాములే: అవిసె 20, గుమ్మడి 10, పొద్దుతిరుగుడు 10.

ఈ అంకెలు ఎలా వచ్చాయో చెప్పాలి, ఎందుకంటే మీ ఊళ్లో దొరికేవి వేరుగా ఉండొచ్చు. ప్రతి దినుసు బరువును దాని ప్రోటీన్ శాతంతో గుణించి, వచ్చినవన్నీ కూడాలి. కొర్రల్లో సుమారు 12 శాతం, కాబట్టి 200 గ్రాములకు 24. బ్లాకుల శాతం సంచి మీదే రాసి ఉంటుంది. అలా కూడితే నా కిలోలో ప్రోటీన్ దాదాపు 160 గ్రాములు, అంటే 16 శాతం. కొవ్వుకూ అదే లెక్క వేస్తే ఆరున్నర శాతం దగ్గర ఆగుతుంది. ఎదిగిన జెర్బిల్‌కు ప్రోటీన్ 12 నుంచి 16 మధ్య, కొవ్వు 6 నుంచి 8 మధ్య ఉంటే బాగుంటుంది. కడుపుతో ఉన్నవాటికి, పిల్లలకు ప్రోటీన్ ఇంకాస్త కావాలి. నా మొదటి మిశ్రమాన్ని ఇదే పద్ధతిలో లెక్కగట్టినప్పుడు కొవ్వు ఇరవై దాటింది. బెల్లం బరువుకు కారణం ఆ కాగితం మీద స్పష్టంగా కనిపించింది.

కొనడంలో ఒక జాగ్రత్త. ఇండియన్ స్టోర్‌లో కొర్రలని రాసి ఉండేది నిజానికి కొర్రబియ్యం, పొట్టు తీసింది. మన అన్నానికి అది సరైనదే కానీ జెర్బిల్‌కు పొట్టుతో ఉన్న గింజ కావాలి. ఒలుచుకోవడం దానికి పని, కాలక్షేపం, పళ్లకు అరుగుదల. పైగా పొట్టు ఉంటే గింజ అంత త్వరగా చెడదు. అందుకే కొర్రలు, వరిగలు పిట్టల ఆహారం అమ్మే చోట కొంటాను. విత్తనాల దుకాణంలో మాత్రం కొనకండి. నాటడానికి అమ్మే గింజలకు తరచు బూజుమందు పట్టిస్తారు.

కొన్న గింజ తాజాదో కాదో అమ్మ పద్ధతిలో చూస్తాను. తడిగుడ్డలో వంద గింజలు పరిచి, చుట్టి, రోజూ తడి ఆరకుండా చూడాలి. వారంలోగా ఎనభైకి పైగా మొలిస్తే గింజ ప్రాణంతో ఉన్నట్టు. పొలానికి విత్తనం ఎంచేటప్పుడు మా తాతయ్య చేసింది ఇదే. మొలిచిన కొర్రలు చిటికెడు బెల్లానికీ మిరియానికీ వేస్తే ఆ రోజు వాటికి పండగే.

తర్వాత ధాన్యమంతా వారం రోజులు ఫ్రీజర్‌లో. గింజల్లో కంటికి కనిపించని పురుగుల గుడ్లు ఉంటాయి. ఇక్కడ వంటింటి అల్మారాల్లో తిరిగే సన్న చిమ్మెటను 'ఇండియన్ మీల్ మాత్' అంటారు. మన దేశం పేరు తగిలించారని చాలాకాలం బాధపడ్డాను. అందులో ఇండియన్ మీల్ అంటే మొక్కజొన్న పిండి, అమెరికా ఆదివాసుల పంట. పేరు ఎవరిదైనా, అది ఒకసారి డబ్బాలో చేరిందంటే మొత్తం పారబోయాల్సిందే. ఫ్రీజర్‌లోంచి తీశాక సంచి విప్పకుండా గది వేడికి రానివ్వండి. వెంటనే విప్పితే చెమ్మ పట్టి బూజుకు దారి.

ఆకులు, పూలు సిద్ధం చేయడం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. మే నెలలో మా పెరటి గడ్డిలో డాండెలైయన్ పసుప్పచ్చగా పూస్తుంది. చాలామంది మందు కొట్టి చంపుతారు. మేం మందు మానేసి మూడేళ్లయింది కాబట్టి ఆకు ధైర్యంగా కోస్తాం. గింజల్లో లేని కాల్షియం కొంత ఈ ఆకు ఇస్తుంది. కడిగి, నీళ్లు వంచి, పాత చీర మీద ఒంటి వరసగా నీడలో పరుస్తాను. ఎండలో పెడితే రంగు, వాసన పోతాయి. నాలుగైదు రోజులకు నలిపితే గలగలమనాలి. మెత్తగా వంగితే ఇంకా చెమ్మ ఉన్నట్టే, డబ్బాలో పెట్టకూడదు. చామంతి జాతి కామొమైల్ పూలు, మందు కొట్టని గులాబీ రేకులు, పెరటి మందార రేకులు కూడా ఇలాగే. రోడ్డు పక్క ఆకు, కుక్కలు తిరిగే చోటి ఆకు తేవద్దు.

కూరల్లో క్యారెట్, కాస్త బీట్‌రూట్, గుమ్మడికాయ. పల్చటి చక్రాలుగా తరిగి, ఓవెన్‌లో అన్నిటికంటే తక్కువ వేడి, మా ఓవెన్‌లో 170 డిగ్రీల ఫారెన్‌హీట్, పెట్టి తలుపు కొంచెం తెరిచి ఉంచుతాను. ఆరేడు గంటలు పడుతుంది. వరుగులు చేసిన చేతులకు కొత్తగా నేర్పాల్సింది లేదు, విరిస్తే టపుక్కుమనాలి, అంతే. ఉప్పు మాత్రం పడకూడదు. మసూర్ పప్పును, బఠాణీలను పలుకు విడేలా ఉడికించి, నీళ్లు వంచి, అదే ఓవెన్‌లో గట్టిపడేదాకా ఎండబెట్టాలి. పప్పుజాతి గింజలను పచ్చిగా వేయను. రాజ్మా పచ్చిగా అయితే విషమే.

మీల్‌వార్మ్‌ల విషయం మా ఇంట్లో తేలిక కాలేదు. మేం శాకాహారులం. చాలా రోజులు ఆలోచించి, ఆ ప్రాణుల అవసరాన్ని మన నియమంతో కొలవకూడదని నిర్ణయించుకున్నాను. పురుగుల డబ్బా గరాజ్‌లో ఉంటుంది, వాటికి వేరే చెంచా. అమ్మ వాటివైపు చూడదు, వద్దనీ అనలేదు. అసలు కుదరదనే ఇళ్లవాళ్లు ఆ 40 గ్రాముల బదులు బ్లాకులే పెంచవచ్చు. ప్రోటీన్ పదిహేనుకు ఒక పిసరు తగ్గుతుంది, ఎదిగిన జెర్బిల్‌కు అది సరిపోతుంది.

కలిపేటప్పుడు వెడల్పాటి స్టీలు బేసిన్‌లో ముందు సన్న గింజలు, తర్వాత ఓట్స్, బార్లీ, పప్పులు. బ్లాకులను బఠాణీ గింజంత ముక్కలుగా చితక్కొట్టి వేస్తాను. పెద్దవిగా ఉంటే వాటిని పక్కకు నెట్టడం తేలిక. ఆకులు ఆఖరున, చేత్తో మెల్లగా కలపాలి, లేకపోతే పొడైపోతాయి. నూనె గింజలను ఇందులో కలపకుండా విడిగా చిన్న సీసాలో ఉంచడం నా అలవాటు. వాటిని చేతితో ఒక్కొక్కటిగా ఇస్తాం. మచ్చిక చేసుకోవడానికి అంతకంటే మంచి మార్గం నాకు తెలియదు, ఎవరికెన్ని దక్కాయో లెక్కా తెలుస్తుంది. మిగతాది గాలి చొరని గాజు జాడీలో, తేదీ రాసిన చీటీతో, పొయ్యికి దూరంగా.

కొత్త తిండికి ఒక్కరోజులో మార్చకండి. మొదటి మూడు రోజులు పాతదానిలో కొత్తది నాలుగో వంతు, తర్వాత సగం, అలా రెండు వారాల్లో పూర్తిగా. పెంటికలు పల్చబడితే ఆగి, పాత తిండి వంతు పెంచాలి. ఎడారి ఒంటికి నీటి కూరలు పడవు కాబట్టి దోసకాయ, లెట్యూస్ లాంటివి ఏ వారానికో గోరంత ముక్క. నీళ్ల సీసా మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఉల్లి, వెల్లుల్లి, పచ్చి బంగాళదుంప, అవకాడో, నిమ్మజాతి పళ్లు, చాక్లెట్ దగ్గరికి రానివ్వం.

వడ్డించడం కూడా తయారీలో భాగమే. మేం గిన్నె మానేశాం. సాయంత్రం ఇద్దరికీ కలిపి 20 గ్రాములు తూచి, తొట్టి అంతటా చల్లుతాం. వెతుక్కుని, తవ్వుకుని తింటాయి. కాగితపు పొట్టు మీద ఏమీ కనిపించలేదని మళ్లీ వేయకూడదు, జెర్బిల్ దాచుకుంటుంది. పొలంలో ఎలుక బొరియ తవ్వితే వరికంకులు దొరికేవని అమ్మ చెప్పింది ఈ తొట్టిలోనే చూశాం. బ్లాకు ముక్కలు మిగిలి ఉంటే మర్నాడు కొంచెం తగ్గించి వేస్తాం. అవీ అయ్యాకే పూర్తి కొలత.

ఆదివారం పొద్దున తూకం. స్టీలు గిన్నెలో ఒక కొర్ర కంకి ముక్క వేస్తే తామే ఎక్కి కూర్చుంటాయి. మా అమ్మాయి చదివి చెబుతుంది, అవ్వ ఫోన్‌లో వింటుంది. బెల్లం దిగడానికి ఐదు నెలలు పట్టింది. గబగబా తగ్గించొద్దని డాక్టరమ్మ ముందే చెప్పారు. మొన్న ఆదివారం నోట్‌బుక్‌లో రాసింది: బెల్లం 77, మిరియం 71. జాడీలో ఇంకా పది రోజులకు సరిపడా ఉంది. తర్వాతి విడతకు కొర్రలు, వరిగలు ఫ్రీజర్‌లో పెట్టాం, డాండెలైయన్ చీర మీద ఆరుతోంది.