చెడిన ల్యాప్‌టాపు: వెంట వచ్చునదేది, రానిదేది?

మన కోనసీమలో తేమ మెండు. గోదావరి పొంగినప్పుడు లంకగ్రామములలోని యిండ్లలోనికి నీరు వచ్చుటయు గలదు. ఇట్టిచోట ల్యాప్‌టాపు తడిసి చెడుట వింతగాదు. అప్పుడు, దానితో వచ్చిన సాఫ్ట్‌వేరును వేఱొక కంప్యూటరులోనికి మార్చుకొనవచ్చునా యను ప్రశ్న పుట్టును. దీనిని మనము విచారింతము.

కొబ్బరితోటను కౌలునకు తీసికొన్నవాడు కాయలు దింపుకొనును గాని చెట్లను పెకలించుకొని పోడు. ఇక్కడను అట్టి భేదమే కలదు. మనము వ్రాసిన పాఠములు, తీసిన ఛాయాచిత్రములు కాయలవంటివి. అవి మన సొత్తు. యంత్రముతో కూడ వచ్చిన విండోసు చెట్టువంటిది. దానిని వాడుకొను హక్కే మనది, ఆ హక్కు సాధారణముగా ఆ యంత్రమునకే కట్టుబడియుండును. 2012లో విండోసు 8 వచ్చినది మొదలు, అట్టి విండోసుయొక్క కీ మదర్‌బోర్డునందే నిక్షిప్తమగుచున్నది. విడిగా కొన్న ప్రతియైనచో, పాత యంత్రమునుండి తీసివేసి క్రొత్తదానిలో పెట్టుకొనుటకు తఱచుగా వీలుండును.

ప్రోగ్రాముగల ఫోల్డరును నకలు చేసినంతమాత్రమున నది పనిచేయుట అరుదు. ఏలయన, పెక్కు ప్రోగ్రాములు తమకు వలయు వివరములను విండోసు రిజిస్ట్రీలోను ఇతర స్థలములలోను ఉంచుకొనును.

కావున మొదట చెడినదేదో కనుగొనవలెను. తెర మాత్రమే చెడినచో, టీవీకి తగిలించి పని సాగింపవచ్చును. మదర్‌బోర్డు చెడినను డిస్కు బాగున్నచో, దానిని ఊడదీయించి యుఎస్‌బీ కేసులో పెట్టి ఫైళ్లను తీసికొనవచ్చును. డిస్కునకు బిట్‌లాకరు వేసియున్నయెడల రికవరీ కీ లేనిదే యది తెఱచుకొనదు. ఆ కీని ముందుగనే వ్రాసి దాచుకొనుడు.

క్రాక్ చేసిన ప్రతిని చౌకగా పెట్టించుకొందమను తలంపు కొందఱికి కలుగును. అది పరుల కష్టఫలము నపహరించుటయే. పైగా అందు వైరసులు దాగియుండుట కద్దు. 1957 నాటి కాపీరైటు చట్టపు 52వ సెక్షను, న్యాయముగా పొందిన ప్రోగ్రామునకు నష్టభయముచే బ్యాకప్ ప్రతి తీసికొనుటకు అనుమతించుచున్నది. అయినను అది ఒక్క హక్కును రెండుగా చేయదు. ధనము లేనివారికి న్యాయమైన మార్గమే కలదు. 2010లో ఆరంభమైన లిబ్రె ఆఫీసును వెల లేకుండ ఎన్ని యంత్రములలోనైనను పెట్టుకొనవచ్చును. అది వర్డు ఫైళ్లను సైతము తెఱచును.

విద్యార్థులారా! సాఫ్ట్‌వేరు పోయిన మరల దొరకును; మీ యేడాది శ్రమ పోయిన దొరకదు. వారమున కొకసారి మీ ఫైళ్లను పెన్‌డ్రైవులో నకలుచేసి, నీరు తగులని చోట నుంచుడు. తల్లిదండ్రులును ఈ యలవాటును ప్రోత్సహింతురుగాక.