పాత నూతి వరలలో పెరటి ఓషధులు

పెరటిలో తులసి, అడ్డసరము, నేలవేము, కలబంద ఉన్న ఇంటివారికి చిన్నచిన్న జలుబు దగ్గులు వచ్చినపుడు ఓషధి చేతికందుబాటులో ఉండును. కాని మా పెదపారుపూడి వంటి కృష్ణా డెల్టా గ్రామములలో ఒక చిక్కున్నది. ఇక్కడిది నల్లని బంకనేల. వానలలో నీరు నిలుచును, వేసవిలో బీటలు వారును. వేళ్లకు గాలి అందక కలబంద కుళ్లును, తులసి వడలును.

ఆయుర్వేదము దేశమును జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడు విధములుగా చెప్పినది. నీరు మెండుగా గల మనది ఆనూప దేశము. ఓషధులను జాంగల, సాధారణ భూములనుండి గ్రహింపవలెనని చరక సంహిత కల్పస్థానము బోధించుచున్నది. మనము ఊరు మార్చలేము. నేలను ఒకటిన్నర అడుగు పైకెత్తగలము.

ఇందుకు కొత్త సామగ్రి కొననక్కరలేదు. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గిన పిదప దొడ్లలో కుడితి గోలెములు ఖాళీగా పడియున్నవి. బోర్లు వచ్చిన పిదప నూతి వరలు మూలబడినవి. నేను రెండు సిమెంటు వరలను, ఒక పాత గోలెమును, కొన్ని తాటి దూలముల ముక్కలను ఉపయోగించితిని.

వరను ఉదయపు ఎండ తగులుచోట నిలిపి, అడుగున 3 అంగుళములు పెంకు ముక్కలు, పైన ఎండుగడ్డి పరవవలెను. ఆపైన 2 పాళ్లు మట్టి, 1 పాలు చివికిన పశువుల ఎరువు, 1 పాలు ఏటి ఇసుక కలిపి నింపవలెను. ఉప్పు గల సముద్రపు ఇసుక పనికిరాదు. గడ్డి చివికి మట్టి దిగును గనుక ఏటేటా పైన కొంత చేర్చవలెను.

సరస్వతి ఆకు, వస తడిని కోరును. వాటికి గోలెము తగినది. రంధ్రమును అడుగున గాక, అడుగుకు 4 అంగుళముల పైన ప్రక్కగా చేసినచో కొంత తేమ నిలుచును.

ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. విషముచేత, క్రిములచేత చెడని ఓషధినే గ్రహింపవలెనని సుశ్రుతుని మాట. కావున పురుగుమందుల డబ్బాలు, డ్రమ్ములు ఎంత కడిగినను వాడరాదు. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిలిపివేసినది. అయినను దొడ్డి మూలనున్న పాత డబ్బాలో ఏ మందు ఉండెనో చెప్పుట కష్టము. తారు పూసిన దుంగలు, పగిలిన ఆస్బెస్టాస్ రేకులు కూడ విడువవలెను. ఔషధమని పసిబిడ్డకు ఇచ్చు ఆకులో విషము చేరరాదు కదా!

జలుబునకు 5, 6 తులసి ఆకులు, చిన్న అల్లపు ముక్క నీటిలో మరిగించి గోరువెచ్చగా త్రాగవచ్చును. గర్భిణులు అడ్డసరమును వాడరాదు. దగ్గు రెండు వారములు దాటినచో ఇంటి వైద్యము చాలించి వైద్యునికి చూపవలెను.